కందకాల వెనక రైలు పట్టాలు

(మొన్న ఆదివారం గ్రంథాలయం హాల్లో జరిగిన ప్రసంగానికి రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేసిన పాఠం. వక్త రైల్వేలో సెక్షన్ కంట్రోలర్‌గా పనిచేసి రిటైరయ్యారు.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినబడుతోందాండీ? మైకు కొంచెం దూరంగా పెట్టుకుంటాను. కంట్రోల్ ఫోన్లో అరిచి అరిచి నా గొంతు పెద్దదైపోయింది, మా ఇంట్లో ఇప్పటికీ తిడుతుంటారు.

ముందే చెప్పేస్తున్నాను, నేను చరిత్ర లెక్చరర్ని కాను. ముప్పై రెండేళ్లు రైళ్లు నడిపించాను. నడిపించటం అంటే ఇంజనెక్కి కాదు. విజయవాడలో ఒక గదిలో కూర్చుని, ఏ బండిని లూప్‌లో, అంటే పక్క పట్టా మీద, ఆపి పెట్టాలి, దేన్ని ముందు వదలాలి అని చెప్పే ఉద్యోగం. అలాంటివాడికి మొదటి ప్రపంచయుద్ధంతో ఏం పని అని మీకు అనిపించవచ్చు. ఆ యుద్ధం గురించి చదివేకొద్దీ నాకు నా ఉద్యోగమే కనబడిందండీ. అందుకే ఇవాళ మాట్లాడమంటే ఒప్పుకున్నాను.

ఆ యుద్ధం అనగానే మన కళ్లముందు ఏం మెదులుతుంది? బురద, ఎలుకలు, ముళ్లతీగ, గ్యాసు. విజిల్ ఊదగానే కుర్రాళ్లు కందకంలోంచి పైకెక్కి మెషిన్ గన్లకి ఎదురు నడవటం. వెనకెక్కడో బంగళాలో భోంచేస్తూ, మళ్లీ మళ్లీ పంపిస్తున్న బుర్రలేని జనరల్స్. ఇదే కదా? ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ ఒక్క ప్రశ్న. నాలుగేళ్లలో బ్రిటిష్‌వాళ్లలో, ఫ్రెంచివాళ్లలో, జర్మన్లలో, ఒక్క దేశంలోనైనా బుర్రున్న జనరల్ లేకపోయాడా? అందరికీ ఒకేసారి మతి పోయిందా?

నాకు నమ్మబుద్ధి కాలేదు. ఎందుకు నమ్మలేదో చెప్పటానికే వచ్చాను.

ఈ బోర్డు చూడండి. ఇది ఉత్తర సముద్రం, ఇది స్విట్జర్లాండ్. 1914 ఆగస్టులో జర్మన్లు బెల్జియం మీదుగా ఫ్రాన్స్‌లోకి దిగారు. సెప్టెంబర్‌లో మార్న్ నది దగ్గర వాళ్లని ఆపారు. ఆ తర్వాత ఒకళ్లనొకళ్లు పక్కనుంచి చుట్టుముడదామని చూస్తూ చూస్తూ సముద్రం దాకా వెళ్లిపోయారు. ఇక పక్క అనేదే లేదు. ఇటు నీళ్లు, అటు కొండలు, మధ్యలో సుమారు 700 కిలోమీటర్ల కందకం. అలెగ్జాండర్ కాలం నుంచీ సేనాపతులకి తెలిసిన పెద్ద విద్య ఏమిటి? శత్రువు పక్కకి వెళ్లి కొట్టటం. అసలు పక్కే లేకపోతే? ఎదురుగా గుద్దుకోవటం ఒక్కటే మిగిలింది.

సరే, ఎదురుగా వెళితే కందకం గెలవటం అసాధ్యమా? ఇక్కడే మనమంతా పొరపాటు పడుతున్నాం. కందకాన్ని గెలవటం కష్టమే, అసాధ్యం మాత్రం కాదు. మొదటి వరస చాలాసార్లు గెలిచారు. గెలిచాక ఏం జరిగింది అన్నదే అసలు కథ.

1915 మార్చి 10. ఫ్రాన్స్‌లో న్యూవ్ షాపెల్ అనే చిన్న ఊరు. దాడిలో సగం బలగం మన భారతీయులే. ఉదయం ఏడున్నరకి ఫిరంగులు మొదలుపెట్టారు. ఎంతసేపనుకుంటున్నారు? 35 నిమిషాలు. అంతే. జర్మన్లు తేరుకునేలోపు కాల్బలం మీద పడింది. తొమ్మిదికల్లా ఊరు చేతికొచ్చింది. గఢ్వాల్ రైఫిల్స్‌లో గబ్బర్ సింగ్ నేగి అనే కుర్రాడు కందకం మలుపు మలుపుకీ అందరికంటే ముందు దూరి శత్రువుల్ని తరిమాడు. అక్కడే చనిపోయాడు, తర్వాత విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఎదురుగా దారి దాదాపు ఖాళీ. నడుచుకుంటూ వెళ్లటమే.

వెళ్లలేదు. ఎందుకని? ముందున్నవాళ్లకి ఆర్డరు లేదు. ఆర్డరిచ్చేవాడికి ముందేం జరిగిందో తెలియదు. టెలిఫోన్ తీగలు షెల్స్‌కి తెగిపోయాయి. కాగితం మీద రాసి మనిషినిచ్చి పంపాలి, ఆ మనిషి దారిలో చనిపోతే ఇంకొకణ్ణి పంపాలి. కబురు బెటాలియన్ నుంచి బ్రిగేడ్‌కి, బ్రిగేడ్ నుంచి డివిజన్‌కి, అక్కడి నుంచి కోర్‌కి. జవాబు మళ్లీ అన్ని మెట్లూ దిగాలి. తర్వాతి అడుగు పడేసరికి సాయంత్రమైంది, చీకటి పడుతోంది. ఈలోగా జర్మన్లు ఊరికే కూర్చుంటారా? కొత్త మెషిన్ గన్లు పెట్టారు, రాత్రంతా బలగాలు దింపారు.

నాకు ఒక తుఫాను రాత్రి గుర్తొస్తోంది. సర్వీసులో కొత్త. ఒక సెక్షన్‌లో కంట్రోల్ లైన్లన్నీ పోయాయి. నా ముందు చార్టు ఉంది, పెన్సిలుంది. బండి గీతలు ఎక్కడిదాకా వచ్చాయో అక్కడే ఆగిపోయాయి. బయట బళ్లు కదులుతున్నాయో, నిలబడ్డాయో, వంతెన ఉందో లేదో తెలియదు. ఫోన్ పట్టుకుని స్టేషన్ల పేర్లు పిలుస్తూనే ఉన్నాను. పై అధికారి వచ్చి "ఏంటయ్యా, ఏ బండి ఎక్కడుంది?" అని అరిచాడు. ఏం చెబుతాను? న్యూవ్ షాపెల్ గురించి చదివినప్పుడు ఆ రాత్రి నా చేతికి పట్టిన చెమటే గుర్తొచ్చింది. ఆ జనరల్స్‌కి ప్రతి దాడీ అలాంటి రాత్రే.

మూడు రోజులకి దాడి ఆపేశారు. మహా అయితే కిలోమీటరు, కిలోమీటరున్నర నేల దొరికింది. బ్రిటిష్, భారత సేనల్లో చనిపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిపి 12 వేల దాకా. అందులో మనవాళ్లు 4 వేల పైచిలుకు. ఇప్పుడు ఆ ఊళ్లోనే మనవాళ్ల స్మారకం ఉంది. సమాధి కూడా దొరకనివాళ్లవి 4,700కి పైగా పేర్లు దాని గోడల మీద ఉన్నాయి.

ఇక్కడ అభిమన్యుడి సంగతి ఎత్తకపోతే మీరు ఊరుకోరు. ఆఁ, అదిగో నవ్వుతున్నారు. మనం ఎప్పుడూ ఏమంటాం? పాపం, పద్మవ్యూహంలోకి వెళ్లటం తెలుసు, బయటికి రావటం తెలియదు అంటాం. నేను చిన్నప్పట్నుంచీ అదే విన్నాను. కానీ ఒకసారి ఆలోచించండి. అభిమన్యుడు బయటికి రావలసిన అవసరమే లేదు! నువ్వు దారి చెయ్యి, వెనకే మేమొస్తాం అన్నది ధర్మరాజు. అసలు ప్లాను అదీ. దారి చేశాడు. మరి వెనకవాళ్లు ఎందుకు రాలేదు? సైంధవుడు. ఆ కంతలో నిలబడి నలుగురు పాండవుల్నీ ఒక్కడే ఆపేశాడు. అభిమన్యుణ్ణి చంపింది అతనికి రాని విద్య కాదండీ, వెనక నుంచి రాని మనుషులు. న్యూవ్ షాపెల్‌లో జరిగిందీ అదే. తర్వాత చెప్పబోయే సోమ్, కాంబ్రే పోరాటాల్లో, ఎక్కడ చూసినా అదే.

ఆ యుద్ధంలో సైంధవుడు ఎవరు? రైలు. మన రైలే.

చూడండి, దాడి చేసేవాడు నడుస్తాడు. వీపు మీద 25, 30 కిలోల మూట. తన ఫిరంగులే తవ్వి పోసిన గుంతల్లోంచి, బురదలోంచి నడుస్తాడు. ఫిరంగులు వాడి వెనక రావాలంటే గుర్రాలు లాగాలి, ఆ గుంతల్లో గుర్రం కాలు దిగబడుతుంది. కాచుకునేవాడి వెనక మాత్రం నేల శుభ్రంగా ఉంది. రోడ్లున్నాయి, పట్టాలున్నాయి, స్టేషన్లున్నాయి. యాభై మైళ్ల అవతలి డివిజన్‌ని బండెక్కించి తెస్తాడు. దాడి చేసేవాడు ఎంత గెలిస్తే తన రైల్వేకి అంత దూరమవుతాడు, శత్రువు రైల్వేకి అంత దగ్గరవుతాడు. గెలిచేకొద్దీ బలం తగ్గే ఆట ఇది. లెక్క అర్థమైందిగా? ఇది మూర్ఖుల కథ కాదు, టైమ్‌టేబుల్ కథ.

మరి జనరల్స్ తప్పేమీ లేదా అంటారేమో. ఉంది. వస్తున్నా.

న్యూవ్ షాపెల్ నుంచి వాళ్లు నేర్చుకున్న పాఠం ఏమిటంటే, 35 నిమిషాలు కొడితే ఇంత వచ్చింది, ఏడు రోజులు కొడితే ఎంత వస్తుందో! ఏడు రోజులు కొట్టారు. 1916, సోమ్ నది దగ్గర. పదిహేను లక్షలకి పైగా షెల్స్. వినటానికి భయంకరంగా ఉంది. కానీ దాడి చేసిన వెడల్పు పెరిగింది, లోతు పెరిగింది. గజానికి ఎంత పడింది అని లెక్క కడితే న్యూవ్ షాపెల్ కన్నా తక్కువే. చాలా షెల్స్ పేలనే లేదు. జర్మన్లు నేలకింద ముప్పై అడుగుల లోతు గదుల్లో కూర్చున్నారు. పైగా ఏడు రోజులు కొట్టటమంటే, వారం తర్వాత వస్తున్నాం, రిజర్వులు, అంటే వెనక ఆపి ఉంచిన బలగాలు, సిద్ధంగా పెట్టుకోండి అని ముందుగా ఉత్తరం రాయటమే కదా.

జులై 1. ఒక్క రోజులో బ్రిటిష్ సైన్యంలో 57,470 మంది పడిపోయారు, అందులో 19,240 మంది చనిపోయారు. ఈ అంకె దగ్గర కొంచెంసేపు ఆగుదాం. మా బండిలో ఒక్కో బోగీకి డెబ్భై రెండు బెర్తులు. పదిహేను బోగీల బండి వేసుకోండి. చనిపోయినవాళ్లకే సుమారు పద్దెనిమిది బళ్లు కావాలి. ఒక్క రోజుకి.

అదే సోమ్‌లో ఇంకో రోజుంది, దాన్ని ఎవరూ పెద్దగా తలుచుకోరు. జులై 14. ఈసారి తెలివిగా చేశారు. రాత్రి చీకట్లో మనుషుల్ని ముందుకి తెచ్చి పడుకోబెట్టారు. తెల్లవారుజామున అయిదంటే అయిదు నిమిషాలు కుండపోతగా ఫిరంగులు కాల్చి మీద పడ్డారు. జర్మన్ల రెండో వరస పోయింది. పొద్దున్నే కొందరు బ్రిటిష్ ఆఫీసర్లు అలా ముందుకి నడిచి వెళ్లి చూస్తే, హై వుడ్ అనే తోపు ఖాళీగా ఉంది. ఒక్క తూటా పేలలేదు. వెళ్లి పట్టుకుంటాం అని కాల్బలం వాళ్లు అడిగారు. వద్దు, గుర్రపు దళం వస్తోంది, వాళ్లకి వదిలేయండి అన్నారు పైనుంచి.

గుర్రపు దళం ఎక్కడుంది? మైళ్ల వెనక. రాత్రి నుంచీ సిద్ధంగానే ఉన్నారు పాపం. కానీ గుంతలు, బురద, దారిలో ట్రాఫిక్ జామ్. వాళ్లు వచ్చి దాడి చేసేసరికి సాయంత్రం ఏడు. పొద్దున ఖాళీగా ఉన్న తోపులో సాయంత్రానికి జర్మన్లు మెషిన్ గన్లతో కూర్చున్నారు. ఆ గుర్రపు దళంలో ఒకటి ఎవరో తెలుసా? 20వ దక్కన్ హార్స్. నిజాం కాలపు హైదరాబాద్ కంటింజెంట్‌లో పుట్టిన దళం. అందులో సిక్కులు, జాట్లతోపాటు మన దక్కనీ ముస్లింలూ ఉండేవారు. ఈటెలు పట్టుకుని, గోధుమ చేలల్లోంచి గుర్రాల మీద దూసుకెళ్లారు. కొంతమంది జర్మన్లని పొడిచారు, కొంతమందిని పట్టుకున్నారు. రాత్రికి వెనక్కి రమ్మన్నారు. ఆ తోపుని పూర్తిగా పట్టుకోవటానికి బ్రిటిష్‌వాళ్లకి సెప్టెంబర్ నడిమి దాకా పట్టింది. పొద్దున నడిచి వెళితే దొరికేది, రెండు నెలలు పట్టింది.

అందుకే జనరల్స్ తప్పేంటని అడిగితే నేను అనేది తెలివితక్కువ కాదు, ఆశ. గుర్రాలు దూకి బెర్లిన్ దాకా వెళతాయన్న ఆశ. రాలిన్సన్ అనే జనరల్ సోమ్‌కి ముందే అడిగాడు, కొంచెం కొరుక్కుందాం, దాన్ని పట్టుకుని కూర్చుందాం, వాళ్లు తిరిగి లాక్కోవటానికి వస్తే మన ఫిరంగులతో కొడదాం అని. ఫ్రాన్స్‌లో బ్రిటిష్ సైన్యానికి అధిపతి, ఆయన పై అధికారి హేగ్, కాదు, ఇంకా లోతుకి వెళ్లాలి అన్నాడు. మొదటి వరసకి సరిపోయే ఫిరంగుల్ని రెండు వరసలకి పంచారు. దేనికీ చాలలేదు.

హేగ్‌ని తిట్టటం తేలిక, నేనూ తిట్టాను ఇప్పుడే. కానీ ఆయన చేసిన ఒక మంచి పని చెప్పాలి. సోమ్‌లో షెల్స్ ముందుకి అందటం లేదు, రోడ్లు ముద్దయిపోయాయి. అప్పటి బ్రిటిష్ యుద్ధమంత్రి లాయిడ్ జార్జ్ ఒక రైల్వే మేనేజర్‌ని పంపాడు, ఎరిక్ గెడిస్ అని. సైన్యంలో పెద్దలు ముక్కు విరిచారు, రైల్వేవాడికి ఇక్కడేం పని అని. హేగ్ మాత్రం రా బాబూ అని పిలిచి రవాణా మొత్తం అప్పజెప్పాడు. మేజర్ జనరల్ హోదా కూడా ఇచ్చారు. ఈ గెడిస్ కుర్రతనంలో పని నేర్చుకున్నది ఎక్కడనుకుంటున్నారు? మన దేశంలోనే, రోహిల్‌ఖండ్ కుమావూన్ రైల్వేలో! అందుకే ఆయనంటే నాకు కొంచెం పక్షపాతం, క్షమించాలి. ఆయన కందకాల దాకా 60 సెంటీమీటర్ల చిన్న గేజి పట్టాలు వేయించాడు. మన చక్కెర ఫ్యాక్టరీల్లో చెరుకు బళ్లు తిరిగేవి చూడండి, ఆ మాదిరి.

ఫ్రాన్స్‌లోని వెర్డన్ ఊరి గురించి రెండు ముక్కలు. 1916 ఫిబ్రవరిలో జర్మన్ సేనాని ఫాల్కెన్‌హైన్ అక్కడ కొట్టాడు. ఊరు పట్టుకోవటం కాదు, ఫ్రెంచివాళ్ల రక్తమంతా కారిపోయేలా చేయటమే తన ఉద్దేశమని యుద్ధం అయ్యాక రాసుకున్నాడు. అప్పుడు కైజర్‌కి, అంటే జర్మన్ చక్రవర్తికి, ఇచ్చానన్న కాగితం మాత్రం ఇంతవరకూ దొరకలేదు. ఓడినవాళ్లు నా ప్లానే అది అనటం మనకి తెలియనిదా? ఫ్రెంచివాళ్లకి అక్కడ పెద్ద రైలు లైన్లు తెగిపోయాయి. బార్ ల దూక్ అనే ఊరి నుంచి ఒక చిన్న గేజి లైను, ఒక రోడ్డు. ఫ్రెంచి జనరల్ పేటాన్ ఆ రోడ్డుని అచ్చం రైల్వేలాగా నడిపించాడు. సెక్షన్లుగా విడగొట్టి, ఒక్క కాలినడక మనిషినీ రానివ్వకుండా. రద్దీ రోజుల్లో పద్నాలుగు సెకన్లకో లారీ. చెడిపోయిన లారీని బాగుచేయటం లేదు, గుంతలోకి తోసెయ్యటమే. పైగా ఏ డివిజన్‌నీ అక్కడ ఎక్కువ రోజులు ఉంచలేదు, నీళ్లు తోడే చక్రంలో బక్కెట్లలాగా ఒకటి దిగుతుంటే ఒకటి పైకి. డిసెంబర్ దాకా నడిచింది ఆ పోరు. రెండు వైపులా చనిపోయినవాళ్లు సుమారు 3 లక్షలు.

1917ని గబగబా దాటేస్తాను. ఏప్రిల్‌లో ఫ్రెంచి జనరల్ నివెల్ రెండు రోజుల్లో తేల్చేస్తానన్నాడు, తేలలేదు, సైనికులు ఎదురు తిరిగారు. జూన్‌లో మెసీన్ దగ్గర ప్లూమర్ అనే ముసలాయన సొరంగాల్లో 19 మందుపాతరలు పేల్చి, అనుకున్న గుట్ట వరకే వెళ్లి ఆగాడు. ఆగాడు కాబట్టి గెలిచాడు. నవంబర్‌లో కాంబ్రే దగ్గర 400కి పైగా ట్యాంకులు. గెలిచామని లండన్‌లో చర్చి గంటలు మోగించారు. పదో రోజున జర్మన్లు ఎదురుదాడి చేసి చాలామటుకు లాగేసుకున్నారు. మళ్లీ సైంధవుడే.

ఇప్పుడు 1918. నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. నీళ్లు తాగుతాను ఒక్క నిమిషం.

మార్చి 21న జర్మన్ జనరల్ లూడెన్‌డార్ఫ్ కొట్టాడు. 6,600 ఫిరంగులు, అయిదు గంటలు. తర్వాత చిన్న చిన్న దళాలు, గట్టిగా ఉన్న చోటు వదిలేసి మెత్తగా ఉన్న చోట దూరి వెనక్కి వెళ్లిపోవటం. అద్భుతమైన ఎత్తుగడ. నాలుగేళ్లుగా కదలని గీత కదిలింది, అరవై కిలోమీటర్ల దాకా లోపలికి వెళ్లారు. అయినా ఓడిపోయారు. ఎందుకు? ఎత్తుగడ ఉంది, వ్యూహం లేదు. ఎత్తుగడ అంటే ఈ కందకం ఎలా దాటాలి. వ్యూహం అంటే దాటి ఎక్కడికి వెళ్లాలి. ముందు కంత పెడదాం, మిగతాది తర్వాత చూద్దాం అన్నట్టు నడిచాడాయన. మ్యాపు చూడండి, ఇదిగో అమియెన్. బ్రిటిష్ సైన్యం తిండీ గుండూ చాలామటుకు ఈ జంక్షన్ మీదుగానే. మన విజయవాడ లాంటిది. విజయవాడ తీసేస్తే మద్రాసుకీ కలకత్తాకీ, హైదరాబాదుకీ విశాఖకీ మధ్య ఏముంటుంది? ఆ జంక్షన్‌కి దగ్గరదాకా వచ్చి, మధ్యలో మనసు మార్చుకుని బలగాన్ని మూడు దిక్కులకి చీల్చాడు. అప్పటికి ముందున్న కుర్రాళ్లు పాత సోమ్ గుంతల్లో పడి నడుస్తున్నారు, ఆకలితో బ్రిటిష్ గోడౌన్లు కనబడితే ఆగి తింటున్నారు. అమియెన్ దొరకలేదు.

కబడ్డీ ఆడినవాళ్లు ఉన్నారా ఇక్కడ? ఆఁ, చేతులు బాగానే లేచాయి. కూతకి వెళ్లినవాడు ఎంత దూరం వెళ్లాలి? ఊపిరి ఉన్నంత. పక్కవాడు కాలు అందేలా ఉన్నాడని ఇంకొక్క అడుగు వేశాడా, పట్టేస్తారు. కాల్బలానికి ఊపిరి ఫిరంగి. ఫిరంగి అందినంత దూరమే కూత. ఈ ముక్క అందరికీ ఎక్కటానికి నాలుగేళ్లు పట్టింది.

ఆగస్టు 8న అదే అమియెన్ దగ్గర బ్రిటిష్, కెనడా, ఆస్ట్రేలియా, ఫ్రెంచి సేనలు కొట్టాయి. ముందుగా ఒక్క షెల్ వెయ్యలేదు. గురి లెక్కలన్నీ కాగితం మీదే కట్టుకున్నారు. 2,000 ఫిరంగులు, 500 ట్యాంకులు ఒక్కసారి కదిలాయి. మొదటి రోజే 13 కిలోమీటర్లు. జర్మన్ సైన్యానికి అదొక చీకటి రోజు అని లూడెన్‌డార్ఫే రాశాడు. కానీ నన్ను అడిగితే గొప్ప రోజు 8 కాదు, 11. ఆ రోజు దాడి ఆపేశారు! జర్మన్ రిజర్వులు రైళ్లు దిగుతున్నాయి, ట్యాంకులు చెడిపోతున్నాయి, ఇక చాలు అన్నారు. పది రోజుల తర్వాత పక్కన ఇంకోచోట కొట్టారు. అక్కడికి రిజర్వులు వచ్చేసరికి ఇంకోచోట.

సెప్టెంబర్ చివర్లో మిత్రసేనలన్నిటికీ అధిపతి, ఫ్రెంచి సేనాని ఫోష్ ఏం చేశాడో చూడండి. 26న ఆర్గాన్ అడవిలో అమెరికన్లు, ఫ్రెంచివాళ్లు. 27న ఉత్తర కాలువ దగ్గర బ్రిటిష్‌వాళ్లు. 28న ఫ్లాండర్స్‌లో. 29న సెయింట్ క్వెంటిన్ కాలువ మీద. నాలుగు రోజులు, నాలుగు చోట్లు. ఇప్పుడు జర్మన్ రైల్వే కంట్రోల్ గదిలో కూర్చున్నవాడు నేననుకోండి. నా దగ్గర ఒకే రిజర్వు. నాలుగు ఫోన్లు మోగుతున్నాయి. ఏ బండికి లైన్ క్లియర్ ఇవ్వాలి? సైంధవుడు ఒక కంతలో నిలబడగలడు, నాలుగు కంతల్లో ఎలా నిలబడతాడు? కందకాలని గెలిచింది ట్యాంకని కొందరంటారు, అమెరికన్లని కొందరంటారు. అవన్నీ సాయం చేశాయి, కాదనను. నా దృష్టిలో అసలు గెలుపు ఆ కంట్రోల్ గది చేతులెత్తెయ్యటం.

పాలస్తీనా మాట మరిచేపోయాను, వచ్చే వరసలో కాకపోయినా చెప్పేస్తాను. అదే సెప్టెంబర్ 19న బ్రిటిష్ జనరల్ అలెన్‌బీ అక్కడ, జర్మనీ పక్షాన ఉన్న టర్కీ కందకాలని బద్దలుకొట్టాడు. విమానాలతో ముందు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల మీద బాంబులు వేయించాడు. ఎందుకో ఇప్పుడు మీకే తెలుసు. ఫ్రాన్స్‌లో మూడేళ్లు కంత కోసం ఎదురుచూసిన భారత గుర్రపు దళాలు చాలావరకు అప్పటికి అక్కడికి చేరాయి. ఈసారి కంత నిజంగానే దొరికింది. దూకి, మర్నాడు పొద్దుటికల్లా వెనకాల అఫూలా అనే చోటు పట్టుకున్నాయి. అఫూలా ఏమిటి? రైల్వే జంక్షన్! ఆ అలెన్‌బీ సేనలో హైదరాబాద్ లాన్సర్లూ ఉన్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి చౌక్‌లో మూడు విగ్రహాలు చూసే ఉంటారు, హైదరాబాద్, మైసూర్, జోధ్‌పూర్ లాన్సర్ల గుర్తుగా పెట్టినవి. ఈసారి వెళితే మొదటి పేరు చెప్పి మీ పిల్లలకి చూపించండి.

ఇక ముగిస్తాను, టీ చల్లారిపోతోందని సైగ చేస్తున్నారు. అక్టోబర్ 26న లూడెన్‌డార్ఫ్ పదవి పోయింది. ఆ కుర్చీలోకి వచ్చింది గ్రోనర్. ఎవరీయన? 1914లో జర్మన్ సైన్యాన్నంతా బళ్లెక్కించి సరిహద్దుకి చేర్చిన రైల్వే విభాగం అధిపతి. తీసుకెళ్లి దించినవాడే తిరిగి తీసుకురావలసి వచ్చింది. నవంబర్ 11న సంతకాలు జరిగింది ఒక రైలు పెట్టెలో, కాంపియేన్ అడవిలో. ఆ ఒప్పందంలో జర్మన్లు ఏమేం అప్పగించాలో జాబితా ఉంది. ఫిరంగులు 5,000. కొంచెం కిందికి వస్తే, రైలింజన్లు 5,000, వ్యాగన్లు లక్షా యాభై వేలు.